ఆరేళ్ల స్పోర్ట్స్ కారు: ధర ఇంకా పడకముందే అమ్మేయాలా, ఉంచుకోవాలా?

మూడో_గేరు

అందరికీ నమస్కారం. నాలుగు నెలలుగా తేల్చుకోలేని విషయం ఒకటి మీ ముందు పెడుతున్నాను.

నా దగ్గర రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఉంది. ఆరు సిలిండర్ల ఇంజను, టర్బో లేదు, మాన్యువల్ గేర్లు. కొత్తదే కొన్నాను, వచ్చే నెలకు ఆరేళ్లు నిండుతాయి. కంపెనీ పేరు, మోడల్ పేరు కావాలనే చెప్పడం లేదు. చెబితే చర్చంతా ఆ కారు మంచిదా కాదా అన్న వైపు వెళ్లిపోతుంది.

ఓడోమీటర్ మీద ఇప్పుడు 49,900 కిలోమీటర్లు ఉన్నాయి. 50 వేలు దాటితే ధర మరో మెట్టు దిగుతుందని నేను అడిగిన ప్రతి ఒక్కరూ చెప్పారు. ఇప్పటికే కొన్న ధరలో సగం కూడా రాదని ఇద్దరు తేల్చేశారు. ఆ మాట విన్నప్పటి నుంచి కారు బయటికి తీయడమే మానేశాను. ఆదివారం తెల్లవారుజామున లేచి తాళం చేతిలోకి తీసుకుంటాను. నలభై కిలోమీటర్లు వెళ్లివస్తే అమ్మేటప్పుడు ఎంత తగ్గుతుందో మనసులో లెక్క వేసుకుంటాను. తాళం మళ్లీ కొక్కేనికే తగిలిస్తాను.

కారు అంటే ఇష్టం పోలేదు. మూడో గేరులో మలుపు దాటుతూ యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఆ ఇంజను పాడే పాట ఇంకే కారులోనూ నేను వినలేదు. కానీ ఇష్టం పేరుతో డబ్బు కరిగిపోతుంటే చూస్తూ కూర్చోవడం తెలివైన పనేనా? ఏళ్ల తరబడి ఒకే కారు ఉంచుకున్నవాళ్లు, అమ్మేసినవాళ్లు ఇద్దరూ చెప్పాలని కోరుతున్నాను.

---

లెక్కల_పుస్తకం

మూడో_గేరు గారూ, ముందు తరుగుదల ఎలా నడుస్తుందో చూద్దాం. చాలామంది దాన్ని మెట్లుగా ఊహించుకుంటారు. నిజానికి అది జారుడుబల్ల లాంటిది. మొదట నిటారుగా ఉండి, పోనుపోను చదునవుతుంది. మొదటి ఏడాది తర్వాత ప్రతి ఏటా పోయేది ఆ ఏటికి మిగిలిన విలువలో ఒక వంతు కాబట్టి, విలువ తగ్గేకొద్దీ పోయే మొత్తం కూడా తగ్గుతుంది.

ఒక ఉదాహరణ. అంకెలు నేను అనుకున్నవే, మీ కారుకు అచ్చంగా సరిపోవాలని లేదు. కొన్న ధర 100 అనుకోండి. మొదటి ఏడాది 20 శాతం, ఆ తర్వాత ఏటా 12 శాతం పోతుందనుకుందాం. మూడేళ్లకు 62, ఆరేళ్లకు 42, తొమ్మిదేళ్లకు దాదాపు 29 మిగులుతాయి.

అంటే మొదటి మూడేళ్లలో మీకు 38 పోయాయి. తర్వాతి మూడేళ్లలో 20. రాబోయే మూడేళ్లలో పోయేది 13. ఘోరమైన భాగం మీరు ఎప్పుడో దాటేశారు. ఇప్పుడు అమ్మితే, ఆ నష్టమంతా భరించిన మనిషి మీరు, దాని తర్వాత వచ్చే చౌకైన ఏళ్లు అనుభవించేది మరొకరు.

ఇంకో లెక్క కూడా చూడండి. మూడేళ్లకోసారి కొత్త కారు కొనేవారికి తొమ్మిదేళ్లలో 38 చొప్పున మూడుసార్లు, మొత్తం 114 పోతాయి. ఒక కొత్త కారు ధర కంటే ఎక్కువ. తొమ్మిదేళ్లూ ఒకే కారు ఉంచుకున్నవారికి 71 పోతాయి. మిగిలిన 43తో ఎంత మరమ్మతు చేయించుకోవచ్చో ఆలోచించండి.

---

రెంచి_పట్టిన_చెయ్యి

లెక్క బాగుంది. అయితే అందులో ఒక అంకె దాక్కుని ఉంది. అది బయటపెట్టకపోతే ఆయనకు మనం అన్యాయం చేసినట్టే.

కారు ధర పడిపోతుంది. దాని బ్రేకు డిస్కు ధర పడిపోదు. కొత్తదిగా ఉన్నప్పుడు 100 పెట్టి కొన్న కారు పదేళ్లకు 25కి దిగినా, దాని క్లచ్, దాని డాంపర్లు (షాక్ అబ్జార్బర్లు), దాని టైర్లు ఇప్పటికీ 100 పెట్టిన కారు సామాన్లే. కార్బన్ సిరామిక్ డిస్కులు ఉన్న కారైతే నాలుగు డిస్కులు మార్చే ఖర్చు చూసి కొందరు కారే వదిలేస్తారు. పాత స్పోర్ట్స్ కారు చౌకగా దొరికిందని సంబరపడి కొన్నవారు దెబ్బతినేది ఇక్కడే. కొనే స్తోమత లెక్కపెట్టుకున్నారు, పోషించే స్తోమత లెక్కపెట్టుకోలేదు.

కాబట్టి ఆ 43 మిగులు అన్న మాటను జాగ్రత్తగా పట్టుకోండి. మంచి డిజైన్ ఉన్న కారులో అది ధారాళంగా సరిపోతుంది. కొన్ని కార్లలో ఒక్క పెద్ద పనితోనే ఆవిరైపోతుంది.

---

హెయిర్‌పిన్

నేను మూడేళ్లకోసారి మార్చే మనిషిని. ఆ 114 పోగొట్టుకున్నది నేనే. అయినా దాన్ని నష్టమని అనుకోవడం లేదు, ఎందుకో చెబుతాను.

పదిహేనేళ్లలో ఐదు కార్లు నడిపాను. ముందు ఇంజను, మధ్య ఇంజను, వెనుక ఇంజను, అన్నీ. మధ్యలో ఇంజను ఉన్న కారు మలుపులో మీ నడుము చుట్టూ తిరిగినట్టు ఉంటుంది. వెనుక ఇంజను కారులో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు ఎప్పుడు తీస్తున్నారో ఒళ్లు దగ్గర పెట్టుకుని చూసుకోవాలి. బరువు వెనుక ఉంది కాబట్టి మలుపు మధ్యలో హఠాత్తుగా కాలు తీస్తే వెనుక భాగం బయటికి జారుతుంది. ఈ తేడాలు చదివితే తెలిసేవి కావు, ఏళ్ల తరబడి చేతులకు పట్టుబడాలి. నేను డబ్బు పెట్టి కొన్నది ఆ అనుభవం.

మూడో_గేరు గారూ, ఒకే కారును జీవితాంతం ప్రేమించాలన్న నియమం ఏదీ లేదు. కొత్తది నేర్చుకోవాలన్న తపన మీలో ఉంటే అమ్మేయండి. అయితే ధర పడిపోతుందన్న భయంతో అమ్మితే మాత్రం తర్వాత కొనే కారుకూ అదే భయం పట్టుకుంటుంది.

---

పాత_ఇంజను

నాకు ఇందులో అన్నిటికంటే బాధ కలిగించింది ఆ కొక్కేనికి తగిలించిన తాళం.

నడపకపోతే కారు అలాగే ఉంటుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. అది తప్పు. ఆ తప్పుకు మూల్యం చెల్లించినవాడిని కనుక గట్టిగా చెబుతున్నాను. పన్నెండేళ్ల వయసున్న ఒక స్పోర్ట్స్ కారును 9,000 కిలోమీటర్లే తిరిగిందని ఎక్కువ ధర పెట్టి కొన్నాను. పెయింటు అద్దంలా ఉంది, సీటు మీద ముడత లేదు. ఇంటికి తెచ్చిన రెండో వారంలో కింద చిన్న మరక కనిపించింది. మరో వారానికి అది అరచేతి వెడల్పయింది. కూలెంటు గొట్టాన్ని వేలితో నొక్కి చూశాను. రబ్బరు మెత్తగా లోపలికి పోవలసింది, ఎండిన కొమ్మలా చిట్లింది. ఆ చిట్లిన శబ్దం నాకు ఇప్పటికీ గుర్తే.

ఆ తర్వాత ఒకటి వెంట ఒకటి. ఆయిల్ సీళ్లు గట్టిపడి కారడం మొదలుపెట్టాయి. పాత పెట్రోలు ఇంజెక్టర్లలో జిగురులా పేరుకుంది. టైర్ల లోతు కొత్తవాటిలాగే ఉంది, పక్క గోడ మీద అంకెలు చూస్తే అవి కారుతో పాటు వచ్చినవే. (టైరు మీద డాట్ అన్న అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. కొనేముందు అది చూడనందుకు నన్ను నేను చాలా తిట్టుకున్నాను.) ఒకే చోట నిలబడడం వల్ల టైర్లు చదునుపడి, వేగం అందుకోగానే స్టీరింగు వణికేది.

బ్రేకు ఆయిల్ సంగతి అన్నిటికంటే ప్రమాదం. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, కారు కదిలినా కదలకపోయినా. డాట్ 4 అనే రకం బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. తేమ చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు. కొండదారిలో దిగుతూ గట్టిగా బ్రేకులు వాడితే అది మరిగి, పెడల్ నేలకు తగులుతుంది. రెండేళ్లకోసారి మార్చమని చెప్పేది అందుకే.

మీ 49,900లో తప్పేమీ లేదు. ఈ నాలుగు నెలలు కదలకుండా ఉన్నదే నన్ను కలవరపెడుతోంది.

---

తారురోడ్డు

పాత_ఇంజను గారి మాటకు ఇద్దరు మనుషులను జోడిస్తాను.

ఇర్వ్ గోర్డన్ అనే సైన్సు ఉపాధ్యాయుడు 1966లో వోల్వో పి1800 కొన్నారు. రెండు తలుపుల అందమైన కూపే. దాన్ని దాచలేదు, నడిపారు. 2013లో ఆ కారు 30 లక్షల మైళ్లు దాటింది, అంటే 48 లక్షల కిలోమీటర్లకు పైగా. 2018లో ఆయన కన్నుమూసేదాకా ఆ కారు ఆయనదే. కొన్న ధరను ఆ కిలోమీటర్లతో భాగిస్తే ఏమి మిగులుతుందో లెక్కల_పుస్తకం గారే చెప్పాలి.

రెండో మనిషి నటుడు రోవన్ అట్కిన్సన్. ఆయన మెక్‌లారెన్ ఎఫ్1ను 1997లో కొని, దాదాపు 41,000 మైళ్లు నడిపారు. రెండుసార్లు ప్రమాదానికి గురైంది, రెండుసార్లూ బాగు చేయించారు. 2015లో అమ్మినప్పుడు కొన్న ధరకు పది రెట్లకు పైగా వచ్చింది. ఆ మోడల్ కార్లలో చాలా భాగం చీకటి గదుల్లో ఉన్న కాలంలో ఆయన దానితో మామూలు పనులకు కూడా వెళ్లేవారు.

---

లెక్కల_పుస్తకం

గోర్డన్ గారి కథకు చేతులెత్తి మొక్కుతాను. మెక్‌లారెన్ ఉదాహరణకు మాత్రం అడ్డు చెప్పాలి. అది మొత్తం 106 తయారైన కారు. దాన్ని చూపించి, సంవత్సరానికి వేలకు వేలు తయారయ్యే కారును ఉంచుకుంటే ధర పెరుగుతుందని ఆశపెట్టకూడదు. పెరిగిన కార్ల పేర్లే మనకు గుర్తుంటాయి. పడిపోయి అక్కడే ఉండిపోయిన వందల మోడళ్ల గురించి ఎవరూ రాయరు.

ధర తిరిగి లేచిన కార్లలో కొన్ని లక్షణాలు పదే పదే కనిపిస్తాయి. ఏదో ఒకటి అక్కడితో ఆగిపోయి ఉండాలి. 1963లో తొలిసారి చూపిన పోర్షా 911కు 1998 దాకా గాలితో చల్లబడే ఇంజన్లే. ఆ తర్వాత నీటితో చల్లబడేవి వచ్చాయి. దాంతో చివరి తరం గాలి ఇంజను కారు 993కి ప్రత్యేక స్థానం వచ్చింది. దాని వెనకే వచ్చిన 996 చాలాకాలం చౌకగా పడి ఉంది. మాన్యువల్ గేర్లు ఉన్న కార్ల విషయమూ ఇంతే. ఫెరారీ ఎఫ్430లో మాన్యువల్‌కూ ఆటోమేటెడ్ గేర్లకూ మధ్య ఇప్పుడున్న ధర తేడా చూస్తే తెలుస్తుంది.

మూడో_గేరు గారి కారుకు టర్బో లేని ఆరు సిలిండర్లు, చేతి గేర్లు ఉన్నాయి. రెండూ అరుదవుతున్న లక్షణాలే. అయినా అది పెరుగుతుందన్న ఆశతో ఉంచుకోమని నేను చెప్పను. పెరిగితే మంచిదే, ఆ డబ్బు ఇప్పుడే లెక్కలో వేసుకోవద్దు.

---

తెల్లవారుజాము

నేను చెప్పబోయేది కొంత చేదుగా ఉంటుంది.

కొన్నేళ్ల క్రితం మూడో చేతి వి8 (ఎనిమిది సిలిండర్ల ఇంజను) కారు కొన్నాను. కొత్తప్పటి ధరలో నాలుగో వంతు కంటే తక్కువకు వచ్చింది. చిన్నప్పటి నుంచి గోడ మీద అతికించుకున్న బొమ్మ అది. మొదటి నెల నిద్రలో కూడా దాని శబ్దమే వినిపించేది. ఐదో నెలలో టైమింగ్ బెల్టులు (ఇంజను లోపలి భాగాలను ఒకే లయలో తిప్పే పట్టీలు) మార్చాల్సి వచ్చింది. అందుకు ఇంజను మొత్తం కిందికి దించాలి. దించాక, ఎలాగూ దించాం కదా అని వాటర్ పంపు, గొట్టాలు, సీళ్లు, క్లచ్ అన్నీ చూశారు, అన్నీ మార్చవలసినవే. బిల్లు చూసినప్పుడు చేతులు చల్లబడ్డాయి. అప్పు చేసి కట్టాను. ఆ తర్వాత దాన్ని నడిపిన ప్రతిసారీ చెవులు ఇంజను మీదే ఉండేవి, ఎక్కడ ఏ కొత్త శబ్దం వస్తుందోనని. ఆనందం పోయింది. ఏడాదికి అమ్మేశాను.

కారును తప్పు పట్టను. నా దగ్గర దానికి సరిపడా డబ్బు లేదు, అంతే. ఉంచుకోవాలని చాలామంది చెబుతున్నారు కాబట్టి ఈ మాట కూడా చర్చలో ఉండాలని రాశాను. మూడో_గేరు గారూ, వచ్చే మూడేళ్లలో ఒక పెద్ద మరమ్మతు వస్తే అప్పు లేకుండా భరించగలరా? భరించలేరంటే మిగతా లెక్కలేవీ పనికిరావు.

---

రెంచి_పట్టిన_చెయ్యి

తెల్లవారుజాము గారూ, ఇంత నిజాయితీగా రాసినందుకు కృతజ్ఞతలు. మీరు చెప్పిన ఆ పని డిజైన్ మీద ఎంత ఆధారపడుతుందో ఫెరారీ వి8లలోనే చూడవచ్చు. 1994లో వచ్చిన ఎఫ్355లో బెల్టులు మార్చాలంటే ఇంజను దించాల్సిందే. తర్వాత వచ్చిన 360లో సీట్ల వెనుక ఉన్న మూత తీసి, ఇంజను కదపకుండానే మార్చవచ్చు. 2004లో వచ్చిన ఎఫ్430లో బెల్టుల స్థానంలో చైన్లే పెట్టారు. మూడూ ఒకే వరుస కార్లు, ఉంచుకునేవాడి ఖర్చులో మాత్రం నేలకూ ఆకాశానికీ ఉన్న తేడా. అందుకే కారు ఎంపికలో గుర్రపుశక్తి చదివేముందు ఏ పనికి ఏది విప్పాలో తెలుసుకోమని అందరికీ చెబుతుంటాను.

ఇలాంటి బలహీనతలు దాదాపు ప్రతి మంచి కారులోనూ ఉంటాయి. పోర్షా 996లో, తొలి బాక్‌స్టర్‌లో ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ గురించి అందరికీ తెలుసు. అది విరిగితే ఇంజనే పోతుంది. క్లచ్ మార్చేటప్పుడు ఎలాగూ గేర్‌బాక్సు దించుతారు, అప్పుడే ఆ బేరింగ్ కూడా మార్చేస్తే అదనపు కూలి చాలా తగ్గుతుంది. బీఎండబ్ల్యూ ఈ46 ఎం3లో వెనుక సబ్‌ఫ్రేమ్ (సస్పెన్షన్‌ను మోసే చట్రం) బిగించిన చోట రేకు చీలుతుంది. ముందే చూసి బలపరిస్తే నిశ్చింతగా ఉండవచ్చు. కారును ఏళ్ల తరబడి ఉంచుకునేవాళ్లకు ఉన్న పెద్ద బలం ఈ తెలివిడే. మూడేళ్లకు మార్చే మనిషి తన కారు బలహీనతను తెలుసుకునేలోపే అది వేరొకరి చేతిలోకి వెళ్లిపోతుంది.

నా సంగతి కూడా ఒకటి చెప్పాలని ఉంది. నా దగ్గర హోండా ఎస్2000 ఉంది. 1999లో వచ్చిన మోడల్, రెండు లీటర్ల ఇంజను 9,000 ఆర్‌పీఎం వరకు వెళుతుంది. పంతొమ్మిదేళ్లుగా నాతోనే ఉంది. దాని వాల్వు క్లియరెన్సులు (వాల్వుకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య ఉండాల్సిన సందు) నేనే సరిచూసుకుంటాను. ఇంజను రాత్రంతా చల్లారాలి. ఉదయం కవరు విప్పి, ఫీలర్ గేజ్ రేకును రాకర్‌కూ వాల్వుకూ మధ్య దూర్చుతాను. మిల్లీమీటరులో నాలుగో వంతు సందు. రేకు మరీ సులువుగా జారకూడదు, పట్టేసి ఆగిపోకూడదు. వెన్న రాసిన కాగితాన్ని రెండు వేళ్ల మధ్య నుంచి లాగినట్టు ఉండాలి. పదహారు వాల్వులు. ఒక్కోదానికి నట్టు వదులు చేసి, స్క్రూ తిప్పి, మళ్లీ బిగించి, మళ్లీ రేకు దూర్చి చూడాలి. బిగించేటప్పుడు స్క్రూ వెంట్రుకవాసి తిరిగిందంటే మళ్లీ మొదటికి. మొదటిసారి రోజంతా పట్టింది. ఇప్పుడు రెండున్నర గంటలు.

అంతా మూసి స్టార్టు చేసినప్పుడు ఇంజను కుట్టుమిషనులా సన్నగా, ఒకే లయలో తిరుగుతుంది. ఆ కారు నాకు ఎంతకు అమ్ముడుపోతుందో చాలా ఏళ్లుగా చూడలేదు.

---

విద్యుత్_చక్రం

నాకు వేరే అనుమానం ఉంది. మీరంతా చెప్పే కార్లు రెంచితో విప్పగలిగినవి. ఇప్పుడు వస్తున్న వాటిలో తెర, సెన్సర్లు, సాఫ్ట్‌వేర్, కొన్నింటిలో పెద్ద బ్యాటరీ. ఎలక్ట్రిక్ స్పోర్ట్స్ కార్ల విలువ ఎంత త్వరగా పడిపోతోందో చూస్తున్నాం. పోర్షా టైకాన్‌ను 911 పక్కన పెట్టి చూడండి. ఒకే కంపెనీ, ఒకే నాణ్యత, అయినా వాడిన కార్ల ధరల్లో పోలికే లేదు. బ్యాటరీ సాంకేతికత ఏటా మారుతుంటే పాతది ఎవరికి కావాలి? ఇరవై ఏళ్ల తర్వాత ఆ తెర పాడైతే ఎక్కడ దొరుకుతుంది? నడపడంలో నాకు ఎలక్ట్రిక్ కార్లే ఇష్టం, అందుకే అడుగుతున్నాను.

---

పాత_ఇంజను

మంచి ప్రశ్న. ఇంజను కార్లకు కూడా ఒకప్పుడు ఇదే సందేహం ఉండేది, విడిభాగాలు ఎవరు చేస్తారని. హోండా 1993లోనే ఎన్‌ఎస్‌ఎక్స్ యజమానుల కోసం కారును కంపెనీయే మళ్లీ కొత్తగా చేసిచ్చే రిఫ్రెష్ సేవ మొదలుపెట్టింది. మాజ్దా 2017లో మొదటి తరం ఎంఎక్స్-5కు జపాన్‌లో పునరుద్ధరణ సేవ ప్రకటించి, పై గుడ్డ నుంచి స్టీరింగు దాకా చాలా భాగాలు మళ్లీ తయారు చేసింది. అదే ఏడాది నిస్సాన్ ఆర్32 జీటీ-ఆర్ భాగాలు, 2019లో టయోటా పాత సుప్రా భాగాలు ప్రకటించాయి. యజమానులు కార్లను వదలకుండా పట్టుకుని ఉన్నారు కాబట్టే కంపెనీలు కదిలాయని నా నమ్మకం. అందరూ ఆరేళ్లకు అమ్మి, అవి తుక్కు కిందికి పోయి ఉంటే ఈ భాగాలు ఎవరికోసం చేసేవారు?

సాఫ్ట్‌వేర్ విషయంలో మాత్రం నాకూ దిగులే. తెర పనిచేయకపోతే హీటరు కూడా మార్చలేని కారును ముప్ఫై ఏళ్లు ఉంచుకోమని ఎవరికీ ధైర్యంగా చెప్పలేను.

---

హెయిర్‌పిన్

ఎంఎక్స్-5 పేరు వచ్చింది కాబట్టి ఒక్క మాట. 1989లో వచ్చింది, 2016 నాటికి పది లక్షలు తయారయ్యాయి. అరుదైనది కాదు, వేగమైనదీ కాదు, మొదటి తరం కారు బరువు టన్ను కంటే తక్కువ. నేను మార్చిన ఐదింటిలో మళ్లీ కావాలని ఉన్నది అదొక్కటే. అమ్మినప్పుడు పెద్దగా పోయిందీ లేదు. మళ్లీ వెతుకుతున్నాను, నేను అమ్మినంత మంచి కండిషన్‌లో ఒక్కటీ కనిపించడం లేదు.

---

మూడో_గేరు

రెండు రోజులుగా అన్నీ చదివాను, కొన్ని రెండుసార్లు చదివాను.

తెల్లవారుజాము గారు అడిగినదానికి ముందు జవాబు. ఒక పెద్ద మరమ్మతుకు డబ్బు విడిగా ఉంది. రెండు వరుసగా వస్తే ఇబ్బందే. నా ఇంజనులో టైమింగ్ చైను ఉంది, బెల్టు కాదు. అది రాత్రి పుస్తకం తీసి నిర్ధారించుకున్నాను. కొన్నప్పుడు ఇచ్చిన యజమాని పుస్తకం ఆరేళ్లలో మొదటిసారి తెరిచానని ఒప్పుకోవాలి.

పాత_ఇంజను గారి పోస్టు చదివి గ్యారేజీకి వెళ్లి టైర్లు చూశాను. కారు కంటే రెండు నెలలు పెద్దవి. లోతు బాగానే ఉందని ఇన్నాళ్లు గర్వంగా చెప్పుకున్నాను. పక్క గోడ మీద సన్నని పగుళ్లు టార్చి వేస్తే తప్ప కనబడలేదు. బ్రేకు ఆయిల్ మార్చి మూడేళ్లు దాటింది. ధర కాపాడుతున్నానని అనుకుంటూ ఇంట్లో వాళ్లను ఎక్కించుకోకూడని కారును తయారు చేశాను.

ఇంకో ప్రశ్న అడగాలి. ఉంచుకోవాలనుకుంటే ఈ వయసులో ముందు ఏమి చేయించాలి? సర్వీసు రికార్డులన్నీ ఉన్నాయి.

---

రెంచి_పట్టిన_చెయ్యి

టైర్లు, బ్రేకు ఆయిల్ ముందు. ఆ రెండూ అయ్యేదాకా వేగంగా వెళ్లకండి.

తర్వాత గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ ఆయిళ్లు. చాలా కార్లలో వీటికి గడువు చెప్పరు, జీవితాంతం సరిపోతాయని రాస్తారు. ఎవరి జీవితమో రాయరు, కాబట్టి మార్చేయండి. రెండో గేరు ఉదయం చల్లగా ఉన్నప్పుడు మొరాయిస్తుంటే ఇది చాలాసార్లు తీరుస్తుంది. కూలెంటు మార్పించేటప్పుడు గొట్టాలన్నీ వేలితో నొక్కి చూడమనండి. కారును లిఫ్టు మీద ఎక్కించినప్పుడు మీరూ కిందికి వెళ్లి చూడండి. సస్పెన్షన్ బుష్‌లలో (కీళ్ల దగ్గర ఉండే రబ్బరు తొడుగుల్లో) పగుళ్లు కళ్లతోనే కనబడతాయి. బ్యాటరీ ఆరేళ్లది అయితే పరీక్ష కూడా అక్కరలేదు, మార్చండి. బుష్‌లు కొత్తవి వేస్తే కారు కొన్న మొదటి వారంలో ఎలా ఉండేదో అలా తిరిగొస్తుంది. చాలామంది పాత కారు విసుగొచ్చిందంటారు, నిజానికి వాళ్లకు విసుగొచ్చింది అరిగిపోయిన రబ్బరుతో.

బీమా కూడా చూసుకోండి. ఏటా మార్కెట్ ధరకు తగ్గించే పాలసీ కాకుండా, ముందే ఒప్పుకున్న విలువకు చేసే పాలసీ దొరికితే అది మేలు.

ప్రతి బిల్లు, ప్రతి ఫోటో దాచండి. ఎప్పుడైనా అమ్మాల్సి వస్తే ఓడోమీటర్ అంకె కంటే ఆ ఫైలే ఎక్కువ మాట్లాడుతుంది.

---

లెక్కల_పుస్తకం

ఆ 50 వేల గీత గురించి ఒక చిన్న మాట. కొనేవాళ్లు వెతికేటప్పుడు గుండ్రటి అంకెల దగ్గర హద్దు పెట్టుకుంటారు, అందుకే అక్కడ ధర కాస్త దిగుతుందన్నది నిజమే. కానీ దాన్ని ఒక్కసారే దాటుతారు. దానికి భయపడి మీరు ఈ నాలుగు నెలలూ నడపలేదు, అయినా బీమా కట్టారు, తరుగుదల కూడా నెలనెలా పోయింది. కిలోమీటరుకు ఎంత పడిందో లెక్కిస్తే భాగించడానికి కింద అంకే లేదు.

---

మూడో_గేరు

మూడు వారాల తర్వాత రాస్తున్నాను.

టైర్లు, బ్రేకు ఆయిల్, గేర్‌బాక్సు ఆయిల్, బ్యాటరీ అయ్యాయి. లిఫ్టు కింద నిలబడి చూశాను. వెనుక సస్పెన్షన్ కింది ఆర్మ్‌ల బుష్‌లు రెండూ చీలాయి. వాటిని తీసి చూపించినప్పుడు ఒకదానిలో నా బొటనవేలు దూరింది. కొత్తవి వేయించాను. ఖర్చు అయింది, తట్టుకోగలిగినంతే. అందులో ఏ పనికి ఎంత అయిందో ఒక నోటు పుస్తకంలో రాయడం మొదలుపెట్టాను.

గడిచిన ఆదివారం చీకటి విడవకముందే బయల్దేరాను. మా అమ్మాయి పక్క సీట్లో కూర్చుంది. కారు కొన్నప్పుడు తనకు నాలుగేళ్లు, పాదాలు సీటు అంచు దాటేవి కావు. ఇప్పుడు పదేళ్లు. ఎప్పుడు గేరు మార్చాలో నా కంటే ముందే చెబుతోంది, శబ్దం విని. రెండో గేరు చల్లగా ఉన్నప్పుడు కూడా మెత్తగా పడింది, ఆరేళ్లలో ఎప్పుడూ అలా పడలేదు. మలుపులో దిగేటప్పుడు వెనుక భాగం ఒక క్షణం తటపటాయించేది, అది కారు స్వభావమనుకున్నాను. అది కూడా పోయింది.

కొండదారిలో పైకి వెళ్లేసరికి వెలుగు వచ్చింది. దిగాక ఇంధనం నింపుతున్నప్పుడు ఓడోమీటర్ చూశాను. 50,016.

ఎక్కడ దాటిందో ఇద్దరం గమనించలేదు. చివరి మలుపుల దగ్గరే అయి ఉంటుందని మా అమ్మాయి అంటోంది.

రెంచి_పట్టిన_చెయ్యి గారూ, ముందు చక్రాల బుష్‌లు బాగానే ఉన్నాయని మెకానిక్ అన్నారు, కానీ వెనుకవి మార్చాక ముందు భాగం కాస్త వదులుగా అనిపిస్తోంది. అలైన్‌మెంట్ చేయించాను. అలవాటు కావడానికి కొంత సమయం ఇవ్వాలా, ముందువీ మార్చేయాలా?

---

రెంచి_పట్టిన_చెయ్యి

మార్చేయండి. వెనుక బిగువు వచ్చింది కాబట్టి ముందు వదులు ఇప్పుడు తెలుస్తోంది, అది కొత్తగా వచ్చింది కాదు. బిగించేటప్పుడు ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పండి. చక్రాలు గాలిలో వేలాడుతుండగా ఆ బోల్టులు చివరిదాకా బిగించకూడదు. కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే బిగించాలి. లేకపోతే రబ్బరు మెలిపడి ఉండిపోయి ఏడాదిలో మళ్లీ చీలుతుంది. తర్వాత అలైన్‌మెంట్ మళ్లీ చేయించాలి.